పడవ ముక్కు లేచినప్పుడల్లా పడగ్గది చల్లబడుతోంది

ఇంగ్లండ్‌లో గ్రాండ్ యూనియన్ కాలువ మీద, బెర్కమ్‌స్టెడ్ పరిసరాల్లో న్యారోబోట్ అనే సన్నటి, పొడవాటి పడవలో కాపురముంటున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరమిది. లండన్ చుట్టుపక్కల అద్దెలు కట్టలేక భార్యాభర్తలు పోయినేడు వేసవిలో 57 అడుగుల పాత పడవ కొనుక్కున్నారు. సొంతంగా కట్టేసుకునే చోటు లేదు కాబట్టి 14 రోజులకోసారి కదులుతూ ఉంటారు. ముందు హాల్లో బొగ్గు స్టవ్, దాని వెనకవైపు నీళ్లు కాగే బ్యాక్ బాయిలర్. అక్కడి నుంచి రెండు 28 మి.మీ. రాగి గొట్టాలు ఎడమ గోడ వెంట వెనక దాకా వెళ్లి హాలు, బాత్‌రూమ్, చివరి పడగ్గదుల్లోని మూడు రేడియేటర్లకు వేడినీళ్లు అందిస్తాయి. నీళ్లు పోసే హెడర్ ట్యాంకు పడగ్గది బీరువా పై అరలో ఉంది. 500 లీటర్ల మంచినీళ్ల ట్యాంకు పడవ ముక్కులో ఉంది.

ఆవిడ బాధంతా ఆ పడగ్గది రేడియేటర్ గురించే. "మంచినీళ్ల ట్యాంకు నింపుకున్న రెండు మూడు రోజులు బాగా వేడెక్కుతుంది. వారం తిరిగేసరికి మంచు ముద్ద. గొట్టాల్లో రాత్రంతా గుడగుడ. రోజూ బ్లీడ్ కీ పెట్టి గాలి తీస్తున్నా, అర నిమిషం బుస్సుమంటుంది, తర్వాత నల్లటి నీళ్లు వస్తాయి. వారానికో చెంబు నీళ్లు హెడర్ ట్యాంకులో పోయాల్సి వస్తోంది. మంట పెద్దదైతే స్టవ్‌లోంచి దడదడ శబ్దం వస్తుంది. పాత యజమాని స్టవ్ పక్కన 12 వోల్టుల పంపు పెట్టాడు. అది వేస్తే గంటసేపు పడగ్గది వేడెక్కి మళ్లీ చల్లబడుతుంది, హెడర్ ట్యాంకులోకి నురగతో నీళ్లు పడుతుంటాయి. బాత్‌రూమ్ గోడ వెనక రెండు గొట్టాలూ కొంతమేర తెల్ల ప్లాస్టిక్‌వే" అని రాశారు. పక్క పడవలవాళ్లు తలో సలహా ఇచ్చారట: ప్రతి రేడియేటర్‌కూ దానంతటదే గాలి వదిలే ఆటోమేటిక్ ఎయిర్ వెంట్ పెట్టమని ఒకరు, పెద్ద పంపు కొనమని ఇంకొకరు, హెడర్ ట్యాంకు తీసేసి అంతా మూసేసి ఒత్తిడి మీద నడిచే ప్రెషర్ సిస్టమ్ చేయమని మరొకరు. భర్త మాత్రం ఇదంతా పీకేసి డీజిల్ హీటర్ పెట్టిద్దామంటున్నారు. ఇప్పటికే పడవ అప్పు నడుస్తోంది. డిసెంబరులో ఖమ్మం నుంచి ఆవిడ తండ్రి రెండు నెలలు ఉండటానికి వస్తున్నారు. తల్లి పోయాక ఆయన ఊరు దాటడం ఇదే మొదటిసారి. "నాన్నకి ఇద్దామనుకున్న గది అదే. రోజూ ఈ రేడియేటర్ మీదే గొడవ. మా ఆయన మాట వినాలా, నేను పట్టుబట్టాలా?" అని అడిగారు.

మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర సగం జవాబు దొరికింది. దానికి వచ్చేముందు, ఈ రాత్రి నుంచే పాటించాల్సిన సంగతులు రెండున్నాయి.

ఆ దడదడ శబ్దం బాయిలర్‌లో నీళ్లు కదలక, అక్కడికక్కడే మరిగి ఆవిరి కావడం వల్ల వచ్చేది. అది వినపడగానే స్టవ్ కింది గాలి చక్రం పూర్తిగా మూసేయండి, కొత్తగా బొగ్గు వేయకండి, పంపు వేసి ఉంచండి. మంట మీద నీళ్లు చల్లొద్దు. హెడర్ ట్యాంకు ఎండిపోయి కనపడితే స్టవ్ వేడిగా ఉండగా అందులో చన్నీళ్లు పోయనే పోయొద్దు. కాలిన బాయిలర్‌లోకి చన్నీళ్లు దిగితే ఇనుము పగలొచ్చు, ఆవిరి ఎగదన్నొచ్చు. స్టవ్ మీద చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే నింపాలి. రెండోది ఆ తెల్ల ప్లాస్టిక్. గ్యాస్ బాయిలర్‌కైతే థర్మోస్టాట్ ఉంటుంది, వేడి ఒక హద్దు దాటదు. బొగ్గు మంటకి ఆ హద్దు లేదు. మరిగే నీళ్లు, ఆవిరి ఆ గొట్టంలోకి వెళ్తే అది మెత్తబడి వంగుతుంది, జాయింటు ఊడుతుంది, గోడ వెనక సలసల కాగే నీళ్లు చిమ్ముతాయి. మీరు ఏ దారి ఎంచుకున్నా, బ్యాక్ బాయిలర్ వాడినంత కాలం ఆ ముక్కలు తీసి రాగి వేయించాల్సిందే. అప్పటిదాకా చిన్న మంటే.

ఇక గాలి సంగతి. మీరు రోజూ గాలి తీస్తున్నారు గానీ, అది ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. ఇలాంటి సిస్టమ్‌లో గాలి మూడు దారుల్లో పోగవుతుంది. నీళ్లు నింపినప్పుడు బయటికి పోలేక గొట్టాల్లో మిగిలిపోయింది ఒకటి. ఎక్కడో సందు దొరికి బయటి నుంచి పీల్చుకుంటున్నది రెండోది. మూడోది లోపలే పుడుతుంది: నీళ్లు మరిగితే ఆవిరి, ఉక్కు రేడియేటర్ తుప్పు పడితే హైడ్రోజన్. మీ పడవలో ఈ మూడూ తలో కొంత ఉన్నట్టే కనిపిస్తోంది. దేని మందు దానికే. అందుకే రోజూ బ్లీడ్ చేసినా తెల్లారేసరికి మళ్లీ మామూలే.

అన్నిటికన్నా ముందు వాటం చూద్దాం. ట్యాంకు నింపిన రెండు మూడు రోజులు బాగుంటుందని రాశారే, ఆ మాటే అసలు ఆధారం. మీది వేడినీళ్లు పైకి, చన్నీళ్లు కిందికి వాటంతటవే నడిచే గ్రావిటీ పద్ధతి. ఇది సరిగ్గా పనిచేయాలంటే స్టవ్ నుంచి బయల్దేరే గొట్టం వెనక దాకా ఎక్కుతూనే పోవాలి, తిరిగొచ్చే గొట్టం స్టవ్ దాకా దిగుతూనే రావాలి. మధ్యలో ఎక్కడా మూపురంలా లేవకూడదు. అప్పుడే గాలి బుడగలు వెనక్కి పాకి హెడర్ ట్యాంకు దారిన బయటపడతాయి. మీ ముక్కు ట్యాంకులో అర టన్ను నీళ్లున్నాయి. ట్యాంకు నిండినప్పుడు ముక్కు దిగుతుంది, వెనక భాగం లేస్తుంది, గొట్టాలకు కావలసిన వాటం వస్తుంది. నీళ్లు వాడేకొద్దీ ముక్కు లేచి, ఇంజన్, డీజిల్, బ్యాటరీలు ఉన్న వెనక భాగం కూర్చుంటుంది. మీ పడవ పొడవు, వెడల్పు చూసి ఉజ్జాయింపుగా లెక్క వేస్తే నిండు ట్యాంకుకీ ఖాళీ ట్యాంకుకీ మధ్య వాటంలో తేడా మీటరుకు 5 మి.మీ. దాకా ఉంటుంది. స్టవ్ నుంచి పడగ్గదికి 8 మీటర్లనుకుంటే 4 సెం.మీ. తేడా. గొట్టాలు బిగించినవాళ్లు ఆ రోజు పడవ ఎలా నిలబడి ఉందో దానికే వాటం పెట్టి ఉంటారు.

నాలుగు సెంటీమీటర్లకే ఇంత గొడవేమిటి అనిపించొచ్చు. గ్రావిటీలో నీళ్లను నడిపే బలం ఎంతో చూడండి. 80 డిగ్రీల నీళ్లకూ 60 డిగ్రీల నీళ్లకూ బరువులో ఉన్న తేడా ప్రతి మీటరు ఎత్తుకూ 11 మి.మీ. నీటిమట్టంతో సమానం. న్యారోబోట్‌లో బాయిలర్ మధ్యకూ రేడియేటర్ మధ్యకూ ఎత్తు తేడా 20, 25 సెం.మీ.కి మించి దొరకదు. అంటే మీ నీళ్లన్నిటినీ పడగ్గది దాకా తోసేది 2, 3 మి.మీ. నీటిమట్టమంత ఒత్తిడి. 28 మి.మీ. గొట్టం పైసగంలో గాలి బుడగ కూర్చుంటే దాన్ని కదిలించే శక్తి ఆ ఒత్తిడికి లేదు. నీళ్లు ఆగుతాయి, పడగ్గది చల్లబడుతుంది, బాయిలర్‌లో మరుగుతాయి, ఆవిరి తోసుకొచ్చి గుడగుడమంటుంది.

వాటం కొలవడానికి రసమట్టం చాలదు. చిన్న చిన్న ముక్కల మీద అది చూపించే తేడా 8 మీటర్ల మీద నమ్మదగ్గది కాదు. మన తాపీమేస్త్రీలు పునాదుల దగ్గర వాడే నీళ్ల గొట్టమే దీనికి సరైన పనిముట్టు. అక్వేరియం సామాన్ల దుకాణంలో దొరికే 8 మి.మీ. పారదర్శక గొట్టం 10 మీటర్లు తెచ్చుకుని, వంటల రంగు చుక్క వేసిన నీళ్లు నింపండి. లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదు. ఒక కొస స్టవ్ దగ్గర, రెండో కొస పడగ్గదిలో రాగి గొట్టం పక్కన పట్టుకుని, గొట్టం పైఅంచు నుంచి నీటిమట్టానికి ఎంత దూరమో రెండుచోట్లా కొలవాలి. బాత్‌రూమ్ దగ్గర, ప్రతి తలుపు పక్కన కూడా కొలవండి. ఇది ఇద్దరు చేసే పని. కొలిచేటప్పుడు ఒకరు అటూ ఇటూ నడిస్తే పడవే ఒరుగుతుంది, లెక్క తప్పుతుంది. ఎవరి చోట వాళ్లు కూర్చుని, నీళ్లు నిలకడగా ఆగాక చూడండి. ట్యాంకు నిండుగా ఉన్న రోజు ఒకసారి, దాదాపు ఖాళీ అయిన రోజు ఇంకోసారి కొలిచి రాసుకోండి. ఖాళీ ట్యాంకుతో కూడా వెనక్కి మీటరుకు కనీసం 10 మి.మీ. ఎక్కుతూ ఉంటే గొట్టం బాగున్నట్టే. అంతకు తగ్గినా, తలకిందులైనా మీకు దొంగ దొరికినట్టే. ప్లాస్టిక్ ముక్కలు వేడికి మెత్తబడి రెండు క్లిప్పుల మధ్య జారి, ఆ పక్కన మూపురం తయారై ఉంటుందని నా గట్టి అనుమానం. 28 మి.మీ. రాగి గొట్టానికైతే 1.8 మీటర్లకో క్లిప్పు చాలు, ప్లాస్టిక్‌కి అంత దూరం ఆగే బిగువు లేదు.

ఈలోగా పైసా ఖర్చు లేని పని ఒకటి ఉంది. 25 కిలోల బొగ్గు బస్తాలు వెనక డెక్ మీదో కప్పు మీదో ఉంటే వాటిని ముందు డెక్‌లోకి మార్చండి. పది బస్తాలంటే పావు టన్ను, సగం ట్యాంకు నీళ్ల బరువు. ట్యాంకు కూడా వారం దాకా ఆగకుండా కొళాయి కనపడినప్పుడల్లా నింపండి. అయితే మార్చాక బయటికి వెళ్లి ముక్కు దగ్గర ఒకసారి చూడండి. ముందు డెక్ నీళ్లు బయటికి పోయే రంధ్రాలు, గ్యాస్ సిలిండర్లు పెట్టే గూటి అడుగున ఉండే రంధ్రాలు నీటిమట్టానికి పైనే ఉండాలి. గ్యాస్ లీకైతే బయటికి పోయే దారి అదే. ముందు తలుపుల వెంటిలేటర్లకు బస్తాలు అడ్డం రాకూడదు. ప్రొపెల్లర్ మరీ పైకి తేలేంత బరువు కూడా ముందుకు మార్చొద్దు.

రెండో దొంగ ఆ పంపు. దాన్ని పెట్టిన చోటే తప్పు. మీ హెడర్ ట్యాంకు గొట్టాలతో కలిసేది వెనక పడగ్గదిలో. పంపేమో స్టవ్ పక్కన, వేడినీళ్లు వెళ్లే గొట్టం మీద కూర్చుని వెనక్కి తోస్తోంది. దాంతో నీళ్లు సగం రేడియేటర్‌కి పోతే సగం వెంట్ గొట్టం (గాలి, ఆవిరి పోవడానికి తెరిచి ఉంచే గొట్టం) ఎక్కి హెడర్ ట్యాంకులో పడుతున్నాయి. మీరు చూసిన నురగ అదే, ఆ నురగలో గాలి కలిసి మళ్లీ గొట్టాల్లోకి దిగుతోంది. ఇంకోవైపు, తిరిగొచ్చే గొట్టమంతా బాయిలర్‌తో సహా పంపు పీల్చే పక్కన పడింది. చేల దగ్గర ఆయిల్ ఇంజన్ సక్షన్ పైపుకి సన్నటి చిల్లు పడితే చుక్క నీరు కారదు, ఇంజన్ మాత్రం గాలి పట్టి నీళ్లెత్తదు. ఇక్కడ జరిగేదీ అదే. చిన్న 12 వోల్టుల పంపు కూడా ఒక మీటరు నీటి ఎత్తుకు సరిపడా లాగగలదు. మీ హెడర్ ట్యాంకు నీళ్లు రేడియేటర్ పైఅంచుకన్నా మహా అయితే 40, 50 సెం.మీ. ఎత్తులో ఉంటాయి. ఆ బరువు చాలక, వాల్వు కాడల చుట్టూ, బ్లీడ్ స్క్రూ మరల్లోంచి, వదులు జాయింట్లలోంచి గాలి లోపలికి దూరుతుంది. పంపు ఆపి, చల్లారాక ఒక్కో జాయింటునూ పొడి టిష్యూ కాగితంతో తుడిచి చూడండి. రాగి మీద పచ్చటి చిలుము, నీళ్లు గడ్డకట్టకుండా కలిపే యాంటీఫ్రీజ్ ఎండిన తెల్లటి చార కనపడితే అక్కడ గ్లాండ్ నట్టు (కాడ చుట్టూ ఉండే నట్టు) కొద్దిగా బిగించాలి. లొంగకపోతే విప్పి టెఫ్లాన్ టేపు చుట్టి మళ్లీ బిగించాలి. పంపు నడుస్తుండగా గాలి తీయొద్దు, పీల్చే పక్క స్క్రూ తెరిస్తే గాలి బయటికి రాకపోగా లోపలికి పోతుంది. ఆటోమేటిక్ ఎయిర్ వెంట్లు వద్దనేదీ ఇందుకే. పీల్చే పక్కన అవి గాలిని లోపలికి వదిలే తలుపులవుతాయి.

పంపు నడవనప్పుడు కూడా నీళ్లు దాని ఇరుకు లోపల్నుంచే పోవాలి. 2, 3 మి.మీ. బలం అక్కడే సగం ఆవిరైపోతుంది. మూడు రోజులు పంపు ముట్టుకోకుండా, ట్యాంకు నిండుగా ఉంచి, చిన్న మంటతో నడిపి, రోజూ ఎంత గాలి వస్తోందో రాసుకోండి. బాగా తగ్గితే పీల్చుకోవడమే పెద్ద కారణం. అంతే వస్తుంటే లోపల పుడుతోందన్నమాట.

నల్లటి నీళ్లు ఆ అనుమానాన్నే బలపరుస్తున్నాయి. ఆక్సిజన్ అంతగా అందని చోట ఉక్కు తుప్పుపడితే నల్లటి బురద, దాంతో హైడ్రోజన్ వస్తాయి. కొత్తగా ఆక్సిజన్ అందుతుంటే ఎర్రటి తుప్పు వస్తుంది. రేడియేటర్ నుంచి రెండు గ్లాసుల నీళ్లు సీసాలో పట్టి, గరుకు కాగితంతో రుద్దిన కొత్త ఇనుప మేకు ఒకటి అందులో వేయండి. ఇంకో సీసాలో కొళాయి నీళ్లు, మరో మేకు. నాలుగైదు రోజులకు రెండూ ఒకేలా తుప్పు పడితే మీ నీళ్లలో తుప్పునాపే మందు అయిపోయిందని అర్థం. మీరు వారం వారం పోసే చెంబు నీళ్లు కూడా దీన్ని పెంచుతున్నాయి. ఆ నీళ్లు ఎక్కడో లీకై పోతున్నాయనుకోనక్కర్లేదు. మీరు తీసిన గాలి ఖాళీ చేసిన చోటులోకి దిగుతున్నాయంతే. కానీ ఒక్కో చెంబూ కొత్త ఆక్సిజన్ తెస్తుంది, యాంటీఫ్రీజ్‌ని పలచన చేస్తుంది. బ్లీడ్ చేసేటప్పుడు కొవ్వొత్తి, లైటరు దగ్గరికి రానివ్వకండి, హైడ్రోజన్ అంటుకుంటుంది.

కాబట్టి ప్లాస్టిక్ మార్పించిన రోజునే పాత నీళ్లన్నీ తీసేసి, తేటగా వచ్చేదాకా మంచినీళ్లతో కడిగి, కొత్తగా నింపండి. నింపే పద్ధతిలోనే చాలామంది తప్పు చేస్తారు. పైనుంచి హెడర్ ట్యాంకులో గబగబా పోస్తే దిగే నీళ్లకూ ఎక్కే గాలికీ దారి ఒకటే అయి గాలి మధ్యలో ఇరుక్కుంటుంది. కింద నుంచి నింపాలి. తోటల్లో మందు కొట్టే చేతిపంపు డబ్బా, ఎన్నడూ మందు పోయనిది, ఒకటి కొనండి. దాని గొట్టాన్ని సిస్టమ్‌లో అన్నిటికన్నా కింద ఉన్న, నీళ్లు తీసేసే డ్రెయిన్ కాక్‌కి క్లిప్పుతో బిగించండి. స్టవ్ పూర్తిగా చల్లగా, పంపు ఆపి, పడవ ముక్కు దిగి ఉండగా, ముందే కలిపి పెట్టుకున్న నీళ్ల మిశ్రమాన్ని (పాళ్లు కింద చెప్తాను) నిమిషానికి లీటరు, రెండు లీటర్ల చొప్పున నెమ్మదిగా ఎక్కించండి. నీళ్లు పైకెక్కేకొద్దీ గాలిని ముందు తోసుకుంటూ హెడర్ ట్యాంకు దాకా తీసుకెళ్తాయి. కింద ఉన్న రేడియేటర్‌తో మొదలుపెట్టి ఒక్కోదాని బ్లీడ్ స్క్రూ పావు తిప్పు తిప్పి, గాలి పోయి నీళ్లు ధారగా రాగానే మూసేయాలి. బాత్‌రూమ్‌లోది తువ్వాళ్లు ఆరేసే నిచ్చెన రకమైతే దాని పైకొస దగ్గర రెండుసార్లు చూడండి, గాలి దాక్కునేది అక్కడే.

28 మి.మీ. గొట్టంలో మీటరుకు అర లీటరు పైచిలుకు నీళ్లు పడతాయి. రేడియేటర్లు, బాయిలర్ కలుపుకుంటే మీ సిస్టమ్ అటూ ఇటుగా 30 లీటర్లు. అందులో మూడో వంతు తుప్పు నిరోధకం కలిసిన ప్రొపిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్ వేయండి. కార్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, ఇంట్లాంటి పడవలో వద్దు. ఇకమీదట తక్కువైనప్పుడు పోసేది కూడా ఇదే మిశ్రమం, వట్టి నీళ్లు కాదు. కాగితే ఈ 30 లీటర్లు లీటరు పైన వ్యాకోచిస్తాయి. అందుకే హెడర్ ట్యాంకు చల్లగా ఉన్నప్పుడు మూడో వంతే నింపి, ఆ గీత దగ్గర టేపు అంటించండి. కొత్త నీళ్లలో కరిగి ఉన్న గాలి కాగేకొద్దీ బయటపడుతుంది కాబట్టి మొదటి మూడు నాలుగు మంటలకు మళ్లీ గాలి తీయాల్సి వస్తుంది. దానికి కంగారు పడకండి. పదో రోజుకి కూడా తగ్గకపోతేనే ఆలోచించాలి.

హెడర్ ట్యాంకు తీసేసి ప్రెషర్ సిస్టమ్ చేయమన్న సలహాని అక్కడే వదిలేయండి. ఆర్పడానికి స్విచ్చి లేని బొగ్గు మంటకి తెరిచి ఉన్న వెంట్ గొట్టమే ప్రాణరక్షణ. ఆ గొట్టం మీద వాల్వు ఉండకూడదు, 22 మి.మీ.కి తక్కువ ఉండకూడదు. మీది ఎంతుందో చూడండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. పంపు పూర్తిగా తీసేసి, గొట్టాల వాటం సరిచేసి, వట్టి గ్రావిటీ మీదే నడపడం మొదటిది. కరెంటు అక్కర్లేదు, చెడిపోయే భాగాలు లేవు, బ్యాటరీలు పడిపోయిన రాత్రి కూడా పనిచేస్తుంది. ఎడమ గోడ పలకలు విప్పి, క్లిప్పులు మార్చి, మూలల్లో గుండ్రటి వంపులు వేయాలి. ఖాళీ ట్యాంకుతో కూడా మీటరుకు 10 మి.మీ. దక్కేలా ఎత్తు సరిపోతేనే ఇది కుదురుతుంది. మీ కొలతలు చూస్తే తెలిసిపోతుంది. పడగ్గది హాలంత వెచ్చగా ఎప్పటికీ ఉండదు. చివరి రేడియేటర్ గోరువెచ్చగా ఉండటం గ్రావిటీ స్వభావం.

అంత ఎత్తు దొరక్కపోతే రెండో దారి. హాల్లో రేడియేటర్‌ని వాల్వులు లేకుండా గ్రావిటీ మీదే ఉంచి, దాని వెంట్ స్టవ్ దగ్గర నుంచే నేరుగా పైకి తీసి, బాత్‌రూమ్, పడగ్గదులకు మాత్రం పంపు పెట్టడం. అందుకు హెడర్ ట్యాంకునీ దాని కలయికనీ స్టవ్ దగ్గరికే తేవాలి. పంపు ఆ గదుల గొట్టంలో ఎలా ఉండాలంటే, దాని పీల్చే నోటికి దగ్గర్లోనే హెడర్ ట్యాంకు కలయిక ఉండాలి. అప్పుడు మిగతా గొట్టమంతా తోసే ఒత్తిడి కింద ఉంటుంది, గాలి దూరదు. గొట్టానికి తగిలించిన థర్మోస్టాట్ 50 డిగ్రీల దగ్గర పంపుని వేయాలి. పడగ్గది బాగా వేడెక్కుతుంది, వాటం గొడవ దాదాపు పోతుంది. దీనికి మూల్యం రోజూ బ్యాటరీ మీద పడే భారం. ఒక ఆంపియర్ తాగే పంపు రోజంతా నడిస్తే 24 ఆంపియర్-గంటలు, చలికాలంలో సోలార్ పలకలు ఇవ్వలేనిది. అర్ధరాత్రి బ్యాటరీ పడిపోతే మిగిలిన వేడినంతా హాల్లోని ఆ ఒక్క రేడియేటరే మోయాలి. అందుకే దానికి వాల్వు వద్దనడం.

మీ వారు చెప్పిన డీజిల్ హీటర్ తీసిపారేసే మాట కాదు. టైమర్ పెట్టుకోవచ్చు, తెల్లవారుజామున లేచి బొగ్గు వేసే పని ఉండదు, పెద్దాయనకి అది సుఖం. కాకపోతే అది నడిచినంతసేపూ డీజిల్, బ్యాటరీ రెండూ తాగుతుంది, ఏటా సర్వీసు కావాలి. నడిచే చోట నీళ్లూ గొట్టాలూ ఇవే అయితే తుప్పు, పీల్చుడు ఇబ్బందులు అందులోనూ కనపడతాయి. పాత గొట్టాలు బాగుచేయకుండా హీటర్ తగిలిస్తే డబ్బు పోతుంది, గుడగుడ మాత్రం పోదు. స్టవ్ వాడుతూ బ్యాక్ బాయిలర్‌ని వదిలేయాలనుకుంటే దాన్ని విప్పి తీయించి, ఆ చోట అగ్గి ఇటుకలు పెట్టించాలి. నీళ్లు తీసి రెండు రంధ్రాలకూ బిరడాలు బిగించి వదిలేయడం ప్రాణాంతకం. బ్రిటన్ ఇళ్లల్లో అలా మూసేసిన బాయిలర్లు పేలి మనుషులు పోయారు.

ఎవరి మాట వినాలని అడిగారు. నీళ్ల గొట్టంతో కొలిచేదాకా మీ ఇద్దరి మాటా ఊహే. ఒక శనివారం ఇద్దరూ కలిసి కొలవండి, పంపు లేకుండా మూడు రోజులు నడిపి చూడండి. చేతిలో అంకెలుంటే ఆయన మీ పట్టుదల అనుకోరు, మీరు ఆయన తొందర అనుకోరు. ఆయన డీజిల్ అంటున్నది ఖర్చు తెలియక కాదేమో. బొగ్గు మోసి, బూడిద ఎత్తి, రాత్రుళ్లు శబ్దానికి లేచి విసిగిపోయారేమో అడగండి. ఆ విసుగుకి జవాబు వేరే ఉంటుంది.

నాన్నగారు వచ్చేలోపు ఇదంతా పూర్తికాకపోవచ్చు. అప్పుడు ఆ రెండు నెలలకీ గట్టు మీంచి షోర్ కరెంటు ఇచ్చే మెరీనాలో (పడవలు కట్టేసుకునే రేవులో) చోటు తీసుకోవడం ఒక మార్గం. 16 ఆంపియర్ల లైనంటే 3.6 కిలోవాట్లు. పడగ్గదిలో 1.5 కిలోవాట్ల ఆయిల్ రేడియేటర్ హాయిగా నడుస్తుంది, దాంతోపాటు కెటిల్ మాత్రం వేయకూడదు. పక్కనే కొళాయి కాబట్టి ముక్కు ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచుకోవచ్చు, గొట్టాల వాటమూ నిలుస్తుంది. అద్దె భారమైతే గదులు మార్చుకోండి: ఆయన హాల్లో స్టవ్ పక్కన, మీరిద్దరూ వెనక. ఆయన దుప్పటి స్టవ్‌కి ఎడంగా ఉండాలి, స్టవ్ తలుపు ఆయన తెరవకుండా చూడాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడవల్లో 2019 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. పడవలకు సరిపడే బీఎస్ ఈఎన్ 50291-2 రకం ఒకటి ఆయన పడుకునే చోట కూడా పెట్టి వారానికోసారి బటన్ నొక్కి చూడండి. చలికాలంలో కాలువ గట్టు మీద మంచు, నిటారు మెట్లు, చిన్న టాయిలెట్ గురించి టికెట్టు తీసుకునే ముందే ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పండి. పెద్దవాళ్లకి ఇబ్బందికన్నా, తమ కోసం పిల్లలు ఇబ్బంది దాచారన్నది ఎక్కువ బాధ.

హీటింగ్ ఫిట్టర్‌ని పిలిస్తే పడవల మీద బొగ్గు స్టవ్‌లు బిగించిన అనుభవం ఉన్నవాళ్లనే పిలవండి. పని ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి: వెంట్ ఎక్కడి నుంచి లేస్తుంది, పంపు ఆగిపోతే బాయిలర్ వేడి ఎటు పోతుంది, హెడర్ ట్యాంకు పంపుకి ఏ పక్కన కలుస్తుంది. తడుముకోకుండా చెప్పగలిగితే ఒప్పుకోండి. వాళ్లొచ్చే రోజుకి ముక్కు ట్యాంకు ఖాళీ చేసి ఉంచండి, ముందు డెక్ మీది బొగ్గు బస్తాలు కూడా వెనక్కి మార్చేయండి. పడవ అలా వెనక్కి కూర్చుని ఉన్నప్పుడు పెట్టిన వాటమే ఏడాదంతా నిలుస్తుంది.